తేలినీలాపురం పక్షులకు మాన్యువల్ మోడ్

టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్ళే ఫొటో మిత్రులకు ఒక చిట్కా. అక్కడ పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. చెట్టు మీద ఉన్నప్పుడు తీస్తే ఒళ్ళంతా సున్నం కొట్టినట్టు వస్తుంది, ఈక గీత ఒక్కటీ కనబడదు. అదే పక్షి ఎగిరి ఆకాశంలోకి రాగానే నల్లబడిపోతుంది.

లెన్స్ తప్పేం లేదు. కెమెరా మీటర్ ఎదురుగా ఉన్నదంతా కలిపి మధ్యరకం బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ముదురాకుపచ్చ ఎక్కువుంటే వెలుగు పెంచుతుంది, ఆకాశం ఎక్కువుంటే తగ్గిస్తుంది. పక్షి మీద పడే ఎండ మాత్రం రెండు చోట్లా ఒకటే కదా!

అందుకే మాన్యువల్ మోడ్ పెట్టండి, అంటే వెలుగు లెక్క కెమెరాకు వదలకుండా మీరే పెట్టుకునే పద్ధతి. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో వదిలేస్తే మళ్ళీ కథ మొదటికొస్తుంది, అదీ మీరే పెట్టాలి. మంచి ఎండలో అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8, షట్టర్ వేగం 1/1600 సెకను, ఐఎస్‌ఓ 400తో మొదలుపెట్టండి. హైలైట్ అలర్ట్ (వెలుగు మరీ ఎక్కువై వివరం పోయిన చోటును తెర మీద మిణుకుమనిపించే సదుపాయం) ఆన్ చేసి, ఎండ పడే తెల్ల ఈకల మీద ఒకటి తీసి చూడండి. తెలుపు మిణుకుమంటుంటే షట్టర్ 1/2000, అప్పటికీ ఆగకపోతే 1/2500. ఆగాక ఇక ముట్టుకోకండి, పక్షి ఎటెగిరినా సరే. మబ్బు పడితే మాత్రం మళ్ళీ చూసుకోవాలి.

స్టార్క్ రెక్కల నలుపులో వివరం కాస్త తగ్గుతుంది. రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫైల్) ఉంటే అది తర్వాత లాగొచ్చు, పూర్తిగా పోయిన తెలుపును ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. సూర్యుడికి ఎదురుగా నిలబడి తీస్తే ఈ లెక్కలేవీ పనిచేయవు, ఎండ మీ వీపు మీద పడేలా చోటు చూసుకోండి.