అరిగిన బైకు రేడియేటర్ ఫ్యానును బాగుచేసుకోవడం

రేడియేటర్ ఉన్న బైకుకు ఫ్యానుతో అసలు అవసరం పడేది వేగంగా వెళ్ళేటప్పుడు కాదు. శ్రీకాకుళం నుంచి విజయనగరం వైపు హైవే మీద పోతున్నంతసేపూ ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది; గంటస్తంభం దగ్గర రద్దీలోనో, రథసప్తమి నాడు అరసవల్లి దారిలోనో బండి నత్తనడక నడిచినప్పుడు ఆ భారమంతా ఫ్యాను మీద పడుతుంది. అందువల్ల ఊరి బయట బాగా నడిచి, రద్దీలో మాత్రమే వేడి హెచ్చరిక దీపం వెలిగే బండిలో మొదట అనుమానించవలసింది ఫ్యానునే.

పని మొదలుపెట్టే ముందు ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ఒత్తిడిలో ఉన్న కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఒక్కసారిగా ఎగజిమ్మి ఒళ్ళు కాలుస్తుంది. ఫ్యాను పనికి ఆ మూతతో అవసరమే లేదు. కొన్ని బండ్లలో తాళంచెవి తీసిన తరువాత కూడా ఫ్యాను తిరుగుతుంది కనుక బ్యాటరీ నెగటివ్ వైరును విప్పి ఉంచడం మంచిది.

తరువాత ఫ్యాను కనెక్టర్‌ను ఊడదీసి, ఫ్యూజు అమర్చిన వైర్లతో బయటి 12 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడాలి. అప్పుడు ఫ్యాను చురుగ్గా తిరిగితే లోపం మోటారులో లేదు; ఫ్యూజు, రిలే (ఫ్యానుకు కరెంటు కలిపే స్విచ్చు), టెంపరేచర్ సెన్సర్, వైర్లు వరుసగా పరీక్షించుకోవాలి. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల బండ్లలో ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చని చిలుము పట్టడం మామూలే. దాన్ని గీకి, కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగితే చాలాసార్లు అక్కడితోనే పని ముగుస్తుంది. కొత్త ఫ్యాను కొనమని చెప్పే ముందు ఈ చిన్న పరీక్ష చేయని మెకానిక్ మాటను నేనైతే నమ్మను.

నేరుగా కరెంటు ఇచ్చినా ఫ్యాను కీచుమంటూ బద్ధకంగా తిరిగితే, లేదా వేలితో తోస్తే తప్ప కదలకపోతే, మోటారును విప్పవలసిందే. రేడియేటర్ రెక్కలు పలుచని అల్యూమినియంతో చేసినవి కనుక స్క్రూడ్రైవర్ జారినా వంగిపోతాయి. మధ్యలో ఒక అట్టముక్క దోపి, ఆ తరువాతే బోల్టులు విప్పాలి. మోటారు తెరిచే ముందు డొక్కు మీద, మూత మీద కలిసేటట్లు ఒక గీత గీయాలి. మూతను సగం చుట్టు తిప్పి బిగిస్తే రెండు అయస్కాంతాల మోటారు వెనక్కి తిరుగుతుంది. మూతను పట్టి ఉంచేలా మడిచి నొక్కిన రేకు చెవులను మెల్లగా లేపాలి. అవి ఒకటి రెండుసార్లకు మించి వంపును తట్టుకోవు.

అరుగుదల ఎక్కువగా కనిపించేది షాఫ్టు (మోటారు ఇరుసు) తిరిగే చిన్న గొట్టం, అంటే బుష్‌లోనే. ఇటువంటి మోటార్లలో తరచుగా వాడే సన్నని రంధ్రాల కంచు బుష్ తనలో నూనెను దాచుకుని షాఫ్టుకు అందిస్తుంది. నూనె ఇంకిపోయిందే తప్ప రంధ్రం గుండ్రంగానే ఉంటే, బుష్‌ను శుభ్రంగా తుడిచి, డిటర్జెంట్ కలపని ఎస్‌ఏఈ 30 నూనెను గోరువెచ్చగా చేసి అందులో నానబెట్టాలి. బుష్ ఒంటి నుంచి సన్నని బుడగలు పైకి తేలుతాయి, అవి ఆగిపోయాక తీయాలి. గ్రీజు ఆ రంధ్రాల్లోకి దూరదు. ఉద్దానంలో కొబ్బరినూనెకు కొదవ లేకపోయినా, అది కొన్నాళ్ళకు జిగురుగా మారుతుంది గనుక ఇక్కడ పనికిరాదు. షాఫ్టు పక్కలకు ఊగుతూ ఆర్మేచర్ (షాఫ్టుతో పాటు తిరిగే తీగచుట్టల భాగం) మీద మెరిసే రాపిడి గీతలు కనిపిస్తే బుష్ అరిగినట్లే; షాఫ్టు మందం, బుష్ బయటి కొలత, పొడవు వెర్నియర్‌తో కొలిచి, మోటార్లు రివైండింగ్ చేసే (తీగ మళ్ళీ చుట్టే) షాపులో సరిపోయే బుష్ వేయించుకోవాలి.

ఆర్మేచర్‌కు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు స్ప్రింగు నొక్కుకు అందనంత పొట్టిగా అరిగితే మార్చాలి. బ్రష్‌లు ఆనే రాగిపట్టీల చుట్టును, అంటే కమ్యుటేటర్‌ను, నున్నని శాండ్‌పేపర్‌తో తేలికగా రుద్ది, రాగిపట్టీల మధ్య గాడిలో చేరిన నల్లపొడిని పుల్లతో తీయాలి. బిగించేటప్పుడు బ్రష్‌లను దారంతో వెనక్కి లాగి పట్టుకుంటే ఆర్మేచర్ సాఫీగా కూర్చుంటుంది. సన్నని వాషర్లు ముందున్న క్రమంలోనే పడాలి.

పగిలిన ఫ్యాను రెక్కను అతికించకూడదు. అతికిన చోట బరువు పెరిగితే తూకం తప్పి, కొత్త బుష్‌ను కూడా అదే తినేస్తుంది.

బండికి ఎక్కించాక, మళ్ళీ బయటి బ్యాటరీతోనే ఫ్యానును తిప్పి, రేడియేటర్ ముందు ఒక కాగితం పట్టి చూడాలి. ఫ్యాను రేడియేటర్ వెనుక ఉండే బండ్లలో కాగితం లోపలికి అతుక్కోవాలి; బయటికి ఎగిరితే ఫ్యాను ఎదురు దిశలో తిరుగుతున్నట్లు. చివరగా బ్యాటరీ వైరు తగిలించి, ఇంజనును నిలిపిన చోటే నడిపి, ఫ్యాను తనంతట తాను మొదలై, వేడి తగ్గాక ఆగేదాకా కనిపెట్టి ఉండాలి. ఆలోగా ఫ్యూజు కాలినా, మోటారు నుంచి కాలిన వాసన వచ్చినా, లోపలి తీగచుట్ట పాడై ఉండవచ్చు. అంత చిన్న మోటారును రివైండింగ్ చేయించడం కంటే కొత్తది కొనడమే చవక.