అమ్మ తాగుడు మానేటప్పుడు

రోజూ తాగే తల్లి ఒక రాత్రి పిల్లల మీద ఒట్టేసి "రేపట్నుంచి ముట్టను" అంటుంది. ఎవరికీ తెలియకుండా ఇంట్లోనే మానేయాలని చూస్తుంది. ఏళ్ళ తరబడి మందుకు అలవాటుపడిన ఒంటికి అది ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే చాటుగా మానొద్దు.

పొద్దున ఏమీ తాగకముందు స్టీలు గ్లాసులో టీ పోసి ఆమె చేతికివ్వండి. గ్లాసు వణికి టీ అంచు దాటి వేళ్ళ మీద ఒలుకుతూ, ఒక గుక్క మందు పడగానే అదే చెయ్యి నిలకడకు వస్తోందంటే, ఒళ్ళు మందు మీద ఆధారపడిందన్నమాట. వణుకు లేకపోయినా, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే ఇంట్లో ప్రయత్నించకండి.

కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో గానీ కడప రిమ్స్‌లో గానీ మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళండి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే తాగుడు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. డాక్టరుకు లెక్క నిజంగా చెప్పాలి. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ బ్రాందీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఆడవాళ్ళ ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి అదే క్వార్టర్ మగవాళ్ళకంటే ఎక్కువ పనిచేస్తుంది, కాలేయం తొందరగా దెబ్బతింటుంది. రెండు తాగి ఒకటని చెబితే మందుల మోతాదు తప్పుతుంది. కల్లు తాగేవాళ్ళయితే అదీ చెప్పాలి. కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం లాంటి నిద్రమందు కలుపుతారు, అది ఆగినా ఫిట్స్ రావచ్చు. పాలిచ్చే తల్లి అయితే మందులు రాయకముందే ఆ సంగతి చెప్పండి.

చివరి గుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. మూడు నాలుగు రోజులకు కొందరు లేని మనుషులతో మాట్లాడతారు, చీమలు పాకుతున్నట్టు ఒళ్ళు దులుపుకుంటారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తే, వైద్యం అందాల్సిన గంటలు దారిలోనే పోతాయి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్ళు పోయొద్దు.

మన పల్లెల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇంకొకటుంది. నీరసంగా ఉందని ఆర్‌ఎంపీతో గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తారు. తాగేవాళ్ళ ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, తరిగిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి మెదడు దెబ్బతినొచ్చు. చూపు తేడాగా ఉండటం, నడక తూలడం, మాట తికమక కావడం దాని గుర్తులు. థయామిన్ ఇంజెక్షన్ ముందు, గ్లూకోజు తర్వాత. వణుకు తగ్గడానికి డాక్టరు రాసే క్లోర్‌డయజిపాక్సైడ్ లాంటి మాత్రలు రోజురోజుకీ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. ఆ పాత చీటీ చూపించి మెడికల్ షాపులో మళ్ళీ కొనకండి. అదింకో అలవాటవుతుంది.

తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర సంగతి తప్పక చెప్పాలి. అది వేసుకున్నాక తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వచ్చి బీపీ పడిపోతుంది. ఆమెకు తెలియకుండా సంగట్లోనో పులుసులోనో కలిపిపెట్టే ఇళ్ళున్నాయి. ప్రేమతోనే చేస్తారు, కానీ అది ప్రాణం తీయగలదు. ఆమె ఒప్పుకుని, కాలేయం పరీక్షలయ్యాక, డాక్టరు ఇస్తేనే వాడాలి. మాత్ర ఆపిన రెండు వారాల వరకూ దాని ప్రభావం ఉండొచ్చు.

ఇంటికొచ్చాక పొద్దుగూకే వేళే కష్టం. పనులన్నీ అయిపోయి, ఆకలేస్తూ, ఒళ్ళు అలసి, ఒక్కతే ఉన్నప్పుడు నాలుక లాగుతుంది. ఆ ఆరాటం చాలాసార్లు అరగంటలోపే తగ్గుతుంది. అందుకే అయిదింటికే ఏదో ఒకటి కడుపులో పడాలి: ఉగ్గాని, ఉడకబెట్టిన చెనిక్కాయలు, మజ్జిగ. ఆ అరగంట ఎవరో ఒకరు పక్కన ఉండాలి. బియ్యం డబ్బాలో, బీరువా వెనక దాచిన సీసాలు ఆమె చేతే తీయించి పారబోయించండి. దేవర జాతరకూ పెళ్ళిళ్ళకూ మొదటి ఏడాది పోకపోయినా ఏం మునగదు.

మళ్ళీ తాగితే ఆ రోజే చెప్పేలా ఇల్లు ఉండాలి. అరిస్తే మళ్ళీ దాస్తుంది. వరసగా కొన్ని రోజులు తాగి ఉంటే ఇంట్లో ఆపేయొద్దు, మళ్ళీ ఆసుపత్రికే వెళ్ళాలి.

ఇక్కడి నుంచి మానిన అమ్మతోనే మాట. 1935లో అమెరికాలో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం మొదలైంది ఇద్దరు తాగుబోతులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతోనే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరు మగవాళ్ళ తాగుడు మీద. ఆడవాళ్ళ తాగుడు గురించి మన ఊళ్ళల్లో ఇప్పటికీ నోరు విప్పరు, అందుకే మీ మాటకు విలువ ఎక్కువ. మీకు ఏడాది నిండాక ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. తాగి ఉన్నప్పుడు కాదు, ఒక్కరే కాదు. "అక్కా, నీకు బుద్ధి చెప్పనీకి రాలేదు, నీ పక్కన కూచోనీకి వచ్చినా" అనండి చాలు. తర్వాత "పొద్దున్నే చేతులు వణుకుతాయా?" అని అడగండి. అవునంటే ఆసుపత్రికి తోడు వెళ్ళండి, ఓపీ చీటీ దగ్గర క్యూలో నిలబడండి. మీ మాత్రలు ఆమెకు ఇవ్వకండి, డబ్బు చేతికివ్వకండి. ఆమె సంగతి పొదుపు సంఘంలో ఎత్తకండి. ఆమె ఇంట్లో మందు వాసనకు మీకే నోరూరితే, ఏదో పని ఉందని చెప్పి లేచి వచ్చేయండి. మర్నాడు ఆమెనే మీ ఇంటికి పిలవండి.