ల్యాబ్‌కు న్యూట్రాన్ సోర్స్ కావాలా? ఏఈఆర్‌బీ అనుమతికి ఇలా వెళ్లండి

చాలామంది ముందు కొటేషన్ తెప్పించుకుని, పర్చేజ్ ఫైలు సగం దూరం నడిపించాక అనుమతి సంగతి అడుగుతారు. అది కుదరదు. మన దేశంలో ఇలాంటి సోర్స్‌ను, అంటే న్యూట్రాన్లు వెదజల్లే రేడియోధార్మిక పదార్థాన్ని, అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, సరేనన్నాకే కొనాలి. 2004 నాటి రేడియేషన్ రక్షణ నిబంధనల కింద నడిచే వ్యవహారం ఇది.

దరఖాస్తులో ఐసోటోపు (ఏ రేడియోధార్మిక పదార్థమో), దాని యాక్టివిటీ (రేడియోధార్మికత ఎంతో) రాయాలి కాబట్టి ముందు అది తేల్చుకోండి. డిటెక్టర్ కాలిబ్రేషన్‌కూ, ఎమ్మెస్సీ ప్రయోగాలకూ అయితే నా ఓటు అమెరీషియం-బెరీలియంకే. ఒక్క క్యూరీ (యాక్టివిటీని కొలిచే యూనిట్)కి సెకనుకు 20 లక్షలకు పైగా న్యూట్రాన్లు వస్తాయి, అర్ధాయువు (రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం) 432 ఏళ్లు, అంటే మీ సర్వీసంతా అది దాదాపు అలాగే ఉంటుంది. కాలిఫోర్నియం-252 ఒక్క మైక్రోగ్రామే సెకనుకు 23 లక్షల న్యూట్రాన్లు ఇస్తుంది, కానీ అర్ధాయువు 2.65 ఏళ్లే, పదేళ్లకు మిగిలేది 7 శాతం. మూడేళ్ల ప్రాజెక్టుకు బాగుంటుంది, కాలేజీ ల్యాబ్‌కు దండగ. ప్లుటోనియం-బెరీలియం జోలికి కొత్తగా వెళ్లకండి, ప్లుటోనియం లెక్కలు చెప్పుకునే టెన్షన్ వేరే ఉంటుంది.

అయితే 432 ఏళ్లంటే, మీరు రిటైరయ్యాక కూడా అది అక్కడే ఉంటుందని. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒకరి ప్రాణం తీసిన కోబాల్ట్-60, యూనివర్సిటీ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న యంత్రాన్ని తుక్కు కింద అమ్మేస్తే బయటికొచ్చిందే. అందుకే పని అయ్యాక సోర్స్‌ను వెనక్కి తీసుకుంటామని సరఫరాదారు దగ్గర ముందే రాయించుకోండి.

ఇక ఏఈఆర్‌బీ ఆన్‌లైన్ దరఖాస్తుల పోర్టల్ ఈ-లోరాలో మొదట సంస్థ పేరు నమోదు చేయాలి, బాధ్యత సంస్థ అధిపతిది. తర్వాత అర్హత ఉన్న రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌కు ఆమోదం తెచ్చుకోవాలి. గది ప్లానులో గోడ అవతల ఎవరు కూర్చుంటారో కూడా చూపించండి. షీల్డింగ్ (రేడియేషన్‌ను ఆపే అడ్డు) అనగానే సీసం ఇటుకలు రాసేస్తారు, న్యూట్రాన్లను అవి పెద్దగా ఆపవు. వాటి వేగం తగ్గించడానికి పాలిథిన్, పారాఫిన్, నీళ్లు లాంటి హైడ్రోజన్ బాగా ఉన్నవి కావాలి, నెమ్మదించిన వాటిని పీల్చుకోవడానికి బోరాన్ కావాలి. సీసం గామా కిరణాల కోసమే. సర్వే మీటరు (గదిలో రేడియేషన్ కొలిచేది), ఒంటికి తగిలించుకునే రేడియేషన్ బ్యాడ్జీలు కూడా న్యూట్రాన్లను కొలిచేవే చూసుకోండి, మామూలు గామా మీటరు ఒక్కటీ చూపిస్తే సరిపోదు.

సోర్స్ చేరగానే పోర్టల్‌లో తెలియజేసి, లీక్ టెస్ట్ (సోర్స్‌లోని పదార్థం బయటికి రావడం లేదని చూసే పరీక్ష) రికార్డు, స్టాకు రిజిస్టరు మొదలుపెట్టండి. సేఫ్టీ ఆఫీసర్ బదిలీ అయితే, ఆ స్థానంలో ఇంకొకరికి ఆమోదం వచ్చేదాకా సోర్స్‌ను బయటికి తీయొద్దు.