పెరట్లో మొక్క ఏ కుటుంబానిదో తెలుసుకోవడం ఎలా?

జీవులను వర్గీకరించే మెట్లను రాజ్యం, వర్గం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని స్కూల్లో వరసగా బట్టీ పట్టి, పరీక్ష అయిపోగానే మర్చిపోయినవాళ్లే మనలో ఎక్కువ. ఒక మొక్కను ఎదురుగా పెట్టుకుని చూస్తే మాత్రం ఇది భలే ఆసక్తిగా ఉంటుంది. బెండ మొక్కతో మొదలుపెట్టండి, దాని పువ్వు పెద్దది కాబట్టి భూతద్దం కూడా అక్కర్లేదు. పొద్దున్నే చూడాలి, సాయంత్రానికల్లా పువ్వు వాడిపోతుంది.

ముందు రాజ్యం. ఎండ సాయంతో తన తిండి తానే తయారుచేసుకుంటుంది కాబట్టి ఇది మొక్కల రాజ్యం. నేలలోంచి మొలిచిందల్లా మొక్క కాదు, పుట్టగొడుగు ఆ పని చేయలేదు. 1969లో విట్టేకర్ అనే శాస్త్రవేత్త జీవులను ఐదు రాజ్యాలుగా విడదీసినప్పుడు పుట్టగొడుగుల్లాంటి శిలీంధ్రాలకు ఒక రాజ్యం విడిగా ఇచ్చాడు.

తర్వాత ఆకు చూడండి. ఈనెలు వలలా అల్లుకుని ఉంటే చాలావరకు ద్విదళబీజం, వరి, మొక్కజొన్నల్లా నిలువుగా సాగితే ఏకదళబీజం. గింజ మొలకెత్తినప్పుడు రెండు బీజదళాలు (గింజలోని బద్దలు) విచ్చుకుంటే ద్విదళబీజమే, ఇంక అనుమానం లేదు.

ఆకుతో ఇంతవరకే. ఆకు ఆకారం చూసి కుటుంబం చెప్పేయకండి, ఎందుకంటే ఒక రకం గోంగూర ఆకు అచ్చం గంజాయి ఆకులాగే చీలి ఉంటుంది, కానీ ఆ రెండిటి కుటుంబాలు వేరు. కుటుంబం పువ్వులో తెలుస్తుంది. బెండ పువ్వు తెంపి ఐదు పసుపు రేకులూ మెల్లగా తీసేయండి. కేసరాలన్నీ విడివిడిగా కాకుండా ఒకదానికొకటి అతుక్కుని, కీలం (పువ్వు మధ్యలో ఉండే ఆడ భాగపు కాడ) చుట్టూ ఒక గొట్టంలా కనిపిస్తాయి, పుప్పొడి ఆ గొట్టం మీదే ఉంటుంది. ఇప్పుడు మందారం, పత్తి, గోంగూర పువ్వులు తెచ్చి పక్కన పెట్టి చూడండి, అన్నిట్లోనూ అదే గొట్టం! అదే మాల్వేసి కుటుంబం గుర్తు. 1998లో డీఎన్ఏ ఆధారాలతో బూరుగు, కోకో చెట్లను కూడా ఈ కుటుంబంలోకే చేర్చారు.

ఇక ప్రజాతి. మొక్కలకు రెండు పదాల శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో బెండను మందారం, గోంగూరలతో కలిపి హైబిస్కస్ ప్రజాతిలోనే పెట్టాడు. తర్వాత దాన్ని ఏబెల్‌మాస్కస్ అనే వేరే ప్రజాతిలోకి మార్చారు, ఎందుకో మీ చెట్టు మీదే చూడొచ్చు: బెండలో రేకుల కింద ఉండే ఆకుపచ్చ తొడుగు ఒక పక్కగా చీలి, రేకులతో పాటే రాలిపోతుంది. ఎర్ర గోంగూరలో ఆ తొడుగు రాలదు, కాయ చుట్టూ కండపట్టి ఎర్రగా పుల్లగా తయారవుతుంది.

పేరు రాసేటప్పుడు ప్రజాతి ముందు, జాతి తర్వాత: ఏబెల్‌మాస్కస్ ఎస్కులెంటస్.

బెండ అయ్యాక వంగ పువ్వు, టమాటా పువ్వు పక్కపక్కన పెట్టండి. రంగులు వేరైనా రెండిట్లోనూ రేకులు అడుగున కలిసే ఉంటాయి, మధ్యలో ఐదు పసుపు కేసరాలు శంకువులా నిలబడతాయి, పూత రాలాక తొడుగు ముచ్చికగా కాయకే అంటుకుని ఉంటుంది. ఇది సొలనేసి, మిరప, బంగాళాదుంప, పొగాకు, ఉమ్మెత్త కూడా ఇందులోవే.

కూరగాయలు పండించేవాళ్లు ఇది తప్పకుండా నేర్చుకోవాలంటాను. పత్తిని పట్టే పచ్చదోమే బెండనూ పడుతుంది, టమాటాను చంపే వడలు తెగులు వంగనూ వదలదు. అందుకే టమాటా వడలిపోయిన మడిలో వెంటనే వంగ నాటకండి, ఈసారికి వేరే కుటుంబాలకు చెందిన చిక్కుడో మొక్కజొన్నో వేయండి.