వాల్వు సింథసైజర్ మాడ్యూల్‌లో రొద ఎలా తగ్గింది: నా అనుభవం

విజయవాడ పటమటలోని మా ఇంట్లో 12ఏఎక్స్7 అనే వాల్వుతో (గాజు వాక్యూమ్ ట్యూబుతో) నేను తయారుచేసుకున్న సింథసైజర్ (ఎలక్ట్రానిక్ స్వరాలు పుట్టించే వాద్యం) మాడ్యూల్‌లో స్వరం వెనుక ఒక గుర్రుమనే రొద ఎడతెగక వినిపించేది. హై వోల్టేజి సప్లైలో ఫిల్టరింగు చాలకపోతే ఏసీని డీసీగా మార్చే ఫుల్ వేవ్ రెక్టిఫయరు నుండి 100 హెర్ట్జ్ రొద రావాలి. ఇది అంతకు ఒక స్థాయి (ఆక్టేవు) కింద, మన కరెంటు ఫ్రీక్వెన్సీ అయిన 50 హెర్ట్జ్ దగ్గర ఉన్నందువల్ల అనుమానం ఏసీతో నడుస్తూ వాల్వును లోపల వేడిచేసే హీటరు మీదికి పోయింది. వాల్వు బాగా వేడెక్కాక హీటరు స్విచ్చి ఒక్కటే ఆపి చూస్తే, వేడికి ఎలక్ట్రాన్లను వదిలే క్యాథోడు చల్లారేలోగా కొన్ని క్షణాలపాటు స్వరం కొనసాగింది గాని రొద మాత్రం ఠక్కున ఆగిపోయింది.

అందుకని హీటరుకు ఏసీ బదులు డీసీ ఇవ్వాలని, గవర్నర్‌పేటలో కొన్న 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరుకు బ్రిడ్జి రెక్టిఫయరు, 4700 మైక్రోఫారడ్ కెపాసిటరు, 7812 రెగ్యులేటరు (వోల్టేజిని 12 దగ్గర నిలకడగా ఉంచే చిప్పు) జోడించి, వాల్వులో హీటరు కొసలైన 4, 5 పిన్నుల మధ్య డీసీ ఇచ్చి, హీటరు మధ్య కొస అయిన 9వ పిన్నును ఖాళీగా వదిలి, నెగటివ్ కొసను మాడ్యూల్ గ్రౌండుకు కలిపాను. వాల్వు కోరేది 12.6 వోల్టులే అయినా ఆ కాస్త తేడా దానికి లెక్కలోది కాదు. రెగ్యులేటరుకు హీట్‌సింకు తప్పనిసరి, మన వేసవిలో మరీను. హై వోల్టేజి సప్లైలోని 200 వోల్టుల కెపాసిటరుకు, నిలవున్న ఛార్జిని మెల్లగా ఖాళీచేసే బ్లీడరు రెసిస్టరు ఉన్నా, మీటరు సున్నా చూపించాకే లోపల చెయ్యి పెట్టాను.

ఇప్పుడు రొద లేదు. గాజును వేలితో తడితే స్పీకరులో టింగుమనే గుణం ఇంకా ఉంది. దాన్ని పోగొట్టే ఉద్దేశం నాకు లేదు.