విదేశంలో కొత్త ఇల్లు: తక్కువ పనితో నిలబడే తోట ఎలా వేసుకోవాలి?

కొత్త ఇంటి తాళాలు చేతికొచ్చేసరికి చుట్టూ కనిపించేది దాదాపు ఎక్కడైనా ఒకటే: యంత్రాలు తొక్కి గట్టిపడిన మట్టి, దాని మీద పలచగా పరిచిన గడ్డి, చుట్టూ కంచె. పని తగ్గించుకోవాలని చాలామంది మొత్తం గడ్డే ఉంచేస్తారు, లేదంటే మొత్తం కంకర పోయిస్తారు. రెండిట్లోనూ పని తగ్గదు. గడ్డి పెరిగే కాలమంతా వారానికోసారి కోత అడుగుతుంది. కంకర మీద రెండు మూడేళ్లలో ఆకులు, దుమ్ము చేరి కుళ్లి మట్టిగా మారతాయి, అందులో కలుపు మొలుస్తుంది, రాళ్ల మధ్య నుంచి దాన్ని పీకడం నేలలో పీకడం కంటే కష్టం. ఖాళీ నేల ఖాళీగా ఉండదు, మనం కప్పకపోతే కలుపు కప్పుతుంది. అందుకే తక్కువ పని తోట అంటే మొక్కలు తక్కువ ఉన్న తోట అనుకోకండి. నేల ఎక్కడా కనబడనంతగా సరైన మొక్కలు కమ్ముకున్న తోటే తక్కువ పని అడుగుతుంది.

1. ముందు మీ సమయం లెక్క వేసుకోండి

వారానికి ఎన్ని గంటలు పెట్టగలరో, ఆ పని ఎవరు చేస్తారో రాసుకోండి. ఏడాదిలో ఎప్పుడైనా నాలుగైదు వారాలు ఇల్లు వదిలి వెళ్తారా? వెళ్తే అది ఏ కాలం? వేసవిలో నెల రోజులు తాళం వేసి వెళ్లే ఇంట్లో కుండీల మొక్కలు, వారం వారం కోయాల్సిన గడ్డి, అప్పుడే నాటిన మొక్కలు నిలబడవు. ఇకముందు తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ ఈ ఒక్క ప్రశ్నకు పెట్టి చూడండి: ఐదు వారాలు ఎవరూ చూడకపోతే ఇది ఏమవుతుంది?

2. గునపం పట్టే ముందు రెండు విషయాలు

మొదటిది నియమాలు. చాలా కొత్త కాలనీల్లో ఇంటి ముందు ఎంత గడ్డి ఉండాలో, కంచె ఎంత ఎత్తు ఉండాలో కాలనీ సంఘమో పురపాలక సంస్థో రాసిపెడుతుంది. ఇంగ్లాండులో 2008 నుంచి ఇంటి ముందు 5 చదరపు మీటర్లకు మించి నీరు ఇంకని గచ్చు వేస్తే, ఆ నీరు మీ స్థలంలోనే ఇంకేలా దారి చూపకపోతే, అనుమతి తీసుకోవాలి.

రెండోది నేల కింది గొట్టాలు, తీగలు. అమెరికాలో 811కు ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు, నీటి లైన్ల మీద ఉచితంగా రంగు గుర్తులు పెట్టిస్తారు. ఇలాంటి సేవ చాలా దేశాల్లో ఉంది. అయితే గ్యాస్, కరెంటు, నీళ్లు కొలిచే మీటరు పెట్టె దాటాక ఇంటి యజమాని వేయించుకున్న లైన్లను వాళ్లు గుర్తించరు. బిల్డరు దగ్గర వాటి పటం అడిగి తీసుకోండి.

3. ఎండ ఎటు నుంచి వస్తుందో కొత్తగా నేర్చుకోండి

ఉష్ణమండలం నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఆస్ట్రేలియా దక్షిణ భాగంలో, న్యూజిలాండ్‌లో సూర్యుడు ఉత్తరం వైపుకి వాలి తిరుగుతాడు. అక్కడ ఉత్తరపు గోడ వెచ్చన, దక్షిణపు గోడ నీడ. యూరప్‌లో, ఉత్తర అమెరికాలో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. పడమటి గోడ మాత్రం రెండు అర్ధగోళాల్లోనూ సాయంత్రపు వేడిని పడుతుంది.

ఋతువును బట్టి తేడా కూడా పెద్దది. లండన్‌లో డిసెంబర్ 21 మధ్యాహ్నం సూర్యుడు సుమారు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు 2 మీటర్ల కంచె నీడ ఏడున్నర మీటర్ల దాకా సాగుతుంది. జూన్ 21న అదే కంచె నీడ ఒక మీటరు దాటి ఎక్కువ రాదు. వేసవిలో ఇల్లు కొని, రోజంతా ఎండ పడుతోందని సదాహరిత పొదలు నాటితే, చలికాలం నాలుగు నెలలూ అవి కంచె నీడలో తడిగా ఉండి కుళ్లుతాయి. స్థలం గీసుకుని ఉదయం 9, మధ్యాహ్నం 12, సాయంత్రం 3 గంటలకు నీడ అంచుల్ని గుర్తు పెట్టండి. కనీసం రెండు ఋతువుల్లో ఈ పని చేయండి. అప్పటిదాకా ఆగితే నష్టమేమీ లేదు, ఆ లోపు నేలను బాగుచేసుకోవచ్చు.

4. మట్టి, వాలు, నీరు ఇంకడం

బిల్డరు పై మట్టిని గీకి తీసేసి, పునాది తవ్విన లోపలి మట్టిని పైన పరుస్తాడు. అందులో సిమెంటు ముక్కలు, ఇటుక పెళ్లలు, తీగ ముక్కలు ఉంటాయి. వాన పడిన మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవర్‌ను నేలలోకి నొక్కండి. 15 సెంటీమీటర్లు చేత్తో దిగకపోతే మట్టి అణిగిపోయినట్టే, వేరు కూడా దిగదు.

తర్వాత నీటి పరీక్ష. 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గుంట తీసి నీళ్లు నింపి రాత్రంతా ఇంకనివ్వండి. మర్నాడు మళ్లీ నింపి, గంటకు ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. 2 నుంచి 8 సెంటీమీటర్లు దిగితే చాలా రకాల మొక్కలు వేసుకోవచ్చు. ఒక సెంటీమీటరు కూడా దిగకపోతే బంకమట్టి లేదా అణిగిన పొర ఉన్నట్టు. అక్కడ 30 సెంటీమీటర్లు ఎత్తు చేసిన మడిలో నాటాలి, లేదా తడి ఓర్చే మొక్కలే ఎంచుకోవాలి. 10 దాటితే ఇసుక నేల, నీటిఎద్దడి తట్టుకునేవే వేయండి.

నేల బాగుచేసేటప్పుడు మొక్క గుంటలో మాత్రమే కంపోస్టు నింపకండి. చుట్టూ బంకమట్టి ఉండి గుంటలో మెత్తటి ఎరువు ఉంటే ఆ గుంట నీళ్లు నిలిచే గిన్నెలా మారుతుంది, వేరు బయటికి రాదు. మడి మొత్తం మీద 5 సెంటీమీటర్ల కంపోస్టు పరిచి, 20–25 సెంటీమీటర్ల లోతుకు ఒకసారి తిరగేయండి. లావెండర్, రోజ్‌మేరీ లాంటి ఎండునేల మొక్కలకు ఈ ఎరువు కూడా వద్దు.

వాలు సంగతి మాత్రం తోటకన్నా ముందు ఇంటి కోసం చూడాలి. గోడ నుంచి మొదటి 3 మీటర్లలో నేల 15 సెంటీమీటర్లు కిందికి దిగాలి. గోడ దగ్గర ఒక పుల్ల, 3 మీటర్ల దూరంలో ఇంకో పుల్ల పాతి, తాడు కట్టి రసమట్టంతో సమం చేయండి. అవతలి చివర తాడు నుంచి నేలకు ఉన్న దూరం, గోడ దగ్గరి దూరం కన్నా 15 ఎక్కువ రావాలి. గోడ పక్కన మట్టి పోసేటప్పుడు ఇటుకల అడుగున వదిలిన గాలి రంధ్రాలను కప్పకండి. అవి మూసుకుపోతే గోడ లోపల తేమ నిలుస్తుంది, చెదలకూ దారి దొరుకుతుంది.

5. గడ్డి: ఎంత, ఏ ఆకారంలో

పిల్లలు ఆడేచోటు, కుర్చీలు వేసుకునేచోటు, అంతవరకే గడ్డి. చెట్టు కింద, నిటారు వాలు మీద, 2 మీటర్లకన్నా సన్నటి పట్టీల్లో వద్దు.

ఇక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోనిది అంచు. కోత యంత్రం నిమిషాల్లో తిరిగేస్తుంది, అంచు కత్తిరించడమే నడుము విరిచే పని. 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న గడ్డికి చుట్టుకొలత 26 మీటర్లు. అదే 40 చదరపు మీటర్లను 20 పొడవు, 2 వెడల్పు పట్టీగా వేస్తే 44 మీటర్లు. గడ్డి అంతే, అంచు పని మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. మధ్యలో గుండ్రటి పూల మడి వేస్తే ఇంకో అంచు చేరుతుంది. కాబట్టి గడ్డి ఒకే ముక్కగా, సాదా ఆకారంలో ఉండాలి. చుట్టూ 15–20 సెంటీమీటర్ల వెడల్పు ఇటుక వరసను గడ్డితో సమంగా పరిస్తే, మోవర్ చక్రం దాని మీద నడిచి అంచు కూడా అదే కోతలో తెగిపోతుంది. ఈ ఒక్క వరసకు పెట్టిన ఖర్చు ప్రతి వారం తిరిగొస్తుంది.

6. మొక్కల ఎంపిక

మొక్క చీటీ మీద మూడు చూడండి: ఎంత చలి ఓర్చుతుంది, పూర్తిగా పెరిగితే వెడల్పు ఎంత, ఎంత ఎండ కావాలి. అమెరికాలో వ్యవసాయ శాఖ పటం దేశాన్ని చలిని బట్టి 13 మండలాలుగా విడదీసింది, చివరగా 2023లో సవరించారు. మొక్క చీటీ మీది అంకె మీ మండలం అంకెకు సమానంగానో, అంతకన్నా తక్కువగానో ఉండాలి. ఆ పటం చలిని మాత్రమే చెబుతుంది, వేసవి వేడి, గాలిలో తేమ దానిలో ఉండవు. ఆ సంగతి పొరుగువాళ్ల తోటలు చెబుతాయి. పదేళ్ల పాత వీధిలో ఎవరూ పట్టించుకోని మూలన కూడా పచ్చగా ఉన్న మొక్క ఏదో చూడండి.

వేసవి పొడిగా ఉండే చోట్ల లావెండర్, రోజ్‌మేరీ, నేల మీద పాకే థైమ్, సెడమ్ బాగా నిలుస్తాయి. గడ్డకట్టే చలి ఉన్నచోట పాకే జూనిపర్, కార్ల్ ఫోర్‌స్టర్ రకం అలంకార గడ్డి. ఆస్ట్రేలియాలో లోమాండ్రా, వెస్ట్రింజియా. చిన్న స్థలానికి ఆరు నుంచి ఎనిమిది రకాలు చాలు, ఒక్కో రకం మూడు నుంచి ఏడు కలిపి గుంపుగా నాటండి. ఇరవై రకాలు ఒక్కొక్కటి చొప్పున తెస్తే ఇరవై రకాల కత్తిరింపు, ఇరవై రకాల నీళ్లు.

దూరం పూర్తి వెడల్పును బట్టి పెట్టాలి. మీటరున్నర విస్తరించే పొదను గోడకు కనీసం మీటరు దూరంలో నాటండి. అరమీటరులో నాటిన పొదను జీవితాంతం కత్తిరిస్తూనే ఉండాలి. నేలను కప్పే మొక్కలు 30 సెంటీమీటర్ల ఎడంతో అయితే చదరపు మీటరుకు 11 పడతాయి, 40 ఎడంతో 6. విల్లో, పాప్లర్ చెట్లను మురుగు గొట్టాల దరిదాపుల్లోకి రానివ్వకండి.

అలవాటైన మొక్క కదా అని తెచ్చుకునే ముందు ఆ ప్రాంతపు నిషిద్ధ మొక్కల జాబితా చూడండి. లాంటానా ఆస్ట్రేలియాలో దేశవ్యాప్తంగా గుర్తించిన దుష్ట కలుపు. పాకే రకం వెదురు చాలా దేశాల్లో పొరుగు స్థలంలోకి దూరి గొడవలు తెస్తుంది. సామాన్లలో విత్తనాలు, దుంపలు దాచి తీసుకెళ్లడం చాలా దేశాల్లో నేరం.

7. నాటడం, మల్చ్

గుంట వేరుముద్దకు రెండింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం ముద్దంతే. కాండం వేళ్లుగా విచ్చుకునే చోటు నేల పైన కనబడాలి, పాతిపెడితే రెండు మూడేళ్లకు చెట్టు కారణం తెలియకుండా వాడిపోతుంది. కుండీలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను మూడు నాలుగు చోట్ల కత్తితో చీరండి, లేకపోతే అవి నేలలోనూ అలాగే చుట్టుకుంటూ కాండాన్ని బిగిస్తాయి.

నాటాక చెక్కపొట్టు మల్చ్, అంటే నేలను కప్పే పొర, 7 సెంటీమీటర్ల మందాన పరచండి. 20 చదరపు మీటర్లకు 1.4 ఘనపు మీటర్లు, అంటే 50 లీటర్ల సంచులు 28. ఇంత కావాల్సినప్పుడు సంచుల కన్నా లారీలో విడిగా తెప్పించుకోవడం చవక. కాండం చుట్టూ 10 సెంటీమీటర్లు ఖాళీ ఉంచండి, కుప్పగా పోస్తే బెరడు కుళ్లుతుంది. కార్చిచ్చు భయం ఉన్న ప్రాంతాల్లో ఇంటి గోడ నుంచి మీటరున్నర వరకు చెక్కపొట్టు అసలు వద్దు, రాళ్లే.

మల్చ్ కింద నల్ల బట్ట పరచమని చాలామంది చెబుతారు. పొట్టు కుళ్లి బట్ట మీదే మట్టి అవుతుంది, కలుపు దానిలో మొలిచి బట్టలోకి వేళ్లు దించుతుంది, అప్పుడు రెండూ కలిపి చీల్చుకోవాలి. టేపు తీసేసిన అట్టపెట్టెల ముక్కలను 15 సెంటీమీటర్లు ఒకదానిపై ఒకటి వచ్చేలా పరిస్తే చాలు. అట్ట మట్టిలో కలిసిపోయేలోపు అడుగున ఉన్న కలుపు చస్తుంది. బట్ట కంకర దారి కిందే పనికొస్తుంది.

8. నీళ్లు

1981లో అమెరికాలోని డెన్వర్ నీటి సంస్థ జెరిస్కేప్ అన్న పేరుతో ప్రచారం చేసిన పద్ధతిలో ఒక ముఖ్య సూత్రం ఇది: ఒకేలా నీళ్లు తాగే మొక్కలను ఒకేచోట పెట్టాలి. గడ్డికి ఒక లైను, పొదలకు ఒకటి, ఎండునేల మొక్కలకు వేరేది.

డ్రిప్ సామాన్లు కుళాయి నుంచి వరుసగా ఇలా: టైమర్, నీరు వెనక్కి పోకుండా ఆపే వాల్వు, సన్నటి జల్లెడ ఉన్న ఫిల్టరు (150 మెష్), ఒత్తిడి తగ్గించే పరికరం, 16 మిల్లీమీటర్ల గొట్టం, గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లు, చివర విప్పే మూత. పొదకు రెండు డ్రిప్పర్లు పెడితే 30 పొదలకు గంటకు 120 లీటర్లు. మీ కుళాయి ఎంత ఇస్తుందో 10 లీటర్ల బకెట్ పెట్టి చూడండి. నిమిషంలో నిండితే గంటకు 600 లీటర్లు, ఎన్ని లైన్లు కలిపినా అందులో నాలుగింట మూడు వంతులు దాటకుండా చూసుకోండి.

మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు, ఒక్కోసారి రెండు గంటలు. పొదకు 8 లీటర్లు అందుతాయి. రోజూ పది నిమిషాలు ఇస్తే వేళ్లు పైనే తిరుగుతాయి, ఒక వారం నీళ్లు ఆగితే మొక్క పోతుంది. రెండో వేసవిలో పది రోజులకోసారి. వాన పడుతున్నా టైమర్ నడుస్తుంటే వేళ్లు కుళ్లి ఆకులు వాలతాయి, దాహమనుకుని ఇంకా నీళ్లు పెంచుతారు. పెంచే ముందు 10 సెంటీమీటర్ల లోతు మట్టిని చేత్తో పట్టి చూడండి. గడ్డకట్టే చలి రాకముందు టైమర్, ఫిల్టరు విప్పి లోపల పెట్టి, చివరి మూత తీసి గొట్టం ఖాళీ చేయండి.

9. మొదటి రెండేళ్లు

మొక్కలు కలుసుకునేదాకా రెండు వారాలకోసారి ఇరవై నిమిషాలు తిరిగి, కలుపు విత్తు కట్టకముందే పీకాలి. ఇది మానేస్తే ఆ పైన చేసినదంతా వృథా. అలంకార గడ్డిని చలికాలం చివర కొత్త మొలక రాకముందు 10–15 సెంటీమీటర్లకు కోయండి. మల్చ్ ఏటా రెండు మూడు సెంటీమీటర్లు చేర్చండి. మూడో ఏడు వచ్చేసరికి డ్రిప్పర్లను కాండం దగ్గర నుంచి కొమ్మల అంచు కిందికి జరపండి, నీళ్లు తాగే సన్నవేళ్లు అప్పటికి అక్కడికి చేరి ఉంటాయి.