కలం పేరుతో కథ పంపడం ఎలా? ఏ పేరు ఎక్కడ రాయాలి?

కథ పూర్తయింది, పంపుదామనుకుంటున్నారు, కానీ అచ్చులో మీ అసలు పేరు కనిపించడం మీకు ఇష్టం లేదు. ఆఫీసులో తెలిస్తే ఇబ్బంది కావచ్చు, చుట్టాలు ప్రతి పాత్రలోనూ తమను తాము వెతుక్కుంటారన్న భయం కావచ్చు, మీ పేరుతో ఇప్పటికే ఇంకో రచయిత ఉండి ఉండొచ్చు, లేదా ఇన్నాళ్లూ ప్రేమకథలు రాసి ఇప్పుడు క్రైమ్ వైపు వెళ్తున్నారేమో. కారణం ఏదైనా దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఎడిటర్లకు ఇది రోజూ చూసే వ్యవహారమే.

ఒక్క మాట మాత్రం ముందే మనసులో పెట్టుకోండి, మిగతా పనంతా దాని మీదే నడుస్తుంది. కలం పేరు పాఠకుల కోసం. మీ కథ వేసుకునే సంపాదకుడి కోసమో, మీకు పారితోషికం పంపే అకౌంట్స్ విభాగం కోసమో కాదు. వాళ్లకు అసలు మనిషి ఎవరో తెలియాలి. కొత్తగా రాస్తున్నవాళ్లు తికమకపడేది ఇక్కడే. అందరి దగ్గరా దాచేసి, తీరా కథ ఎంపికయ్యాక డబ్బు ఏ పేరు మీద వేయాలని అడిగితే టెన్షన్ పడతారు.

ముందు పేరు సంగతి తేల్చుకోండి

నచ్చిన పేరు తట్టగానే పెట్టేసుకోకుండా, నాలుగైదు పేర్లు కాగితం మీద రాసుకోండి. 1932లో ఎరిక్ బ్లెయిర్ అనే ఇంగ్లిష్ యువ రచయిత తన మొదటి పుస్తకానికి అసలు పేరు వద్దనుకుని, పి.ఎస్. బర్టన్, కెన్నెత్ మైల్స్, జార్జ్ ఆర్వెల్, హెచ్. లూయిస్ ఆల్వేస్ అని నాలుగు పేర్లు తన ఏజెంటుకు రాసి పంపాడు, వాటిలో ఆర్వెల్ తనకు కాస్త ఎక్కువ నచ్చిందని కూడా చెప్పాడు. మరుసటి ఏడాది పుస్తకం ఆ పేరుతోనే వచ్చింది. మీరు కూడా మీ జాబితాను మీరు నమ్మే ఒకరిద్దరికి చూపించండి, వాళ్లు పైకి చదువుతుంటే వినండి. ఫోన్లో ఒక్కసారి చెబితే ఎదుటివాళ్లకు అర్థమయ్యే పేరు అయితే చాలా ఇబ్బందులు తప్పుతాయి.

తర్వాత ప్రతి పేరునూ ఇంటర్నెట్‌లో, పుస్తకాలు అమ్మే సైట్లలో, లైబ్రరీ కేటలాగుల్లో వెతకండి. ఆ పేరుతో ఇంకో రచయిత ఉంటే వదిలేయండి, ఎంత నచ్చినా సరే. పేరున్న రచయితను గుర్తుచేసేలా ఒక అక్షరం మార్చి పెట్టుకోవడం ఇంకా తప్పు, అది పాఠకులను మోసం చేయడమే అవుతుంది, కేసుల దాకా వెళ్లినా ఆశ్చర్యం లేదు. పేరు ఖాయమయ్యాక ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా అప్పుడే తేల్చేసుకోండి. ఒక కథకు ఒక స్పెల్లింగు, ఇంకో కథకు ఇంకో స్పెల్లింగు అయితే రేపు మీ కథలన్నీ ఒకేచోట వెతుకుదామనుకున్న పాఠకుడికి సగమే దొరుకుతాయి.

ఇద్దరు కలిసి ఒకే పేరుతో రాసినా ఇబ్బందేం లేదు. బీనాదేవి పేరు వెనక ఉన్నది భార్యాభర్తలిద్దరని తెలుగు పాఠకులకు తెలిసిందే. కాకపోతే అలాంటప్పుడు ఒప్పందం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి, డబ్బు ఎలా పంచుకోవాలన్నది కథ పంపకముందే మాట్లాడుకోవాలి.

మెయిల్, ఫైలు: పేరు బయటపడేది ఎక్కువగా ఇక్కడే

కలం పేరుతో ఒక కొత్త ఈమెయిల్ తెరవండి. మీ రోజువారీ మెయిల్ నుంచి పంపితే, అవతలివాళ్ల ఇన్‌బాక్స్‌లో మీరు ఎప్పుడో పెట్టుకున్న పేరూ ఫొటోతో సహా కనిపిస్తాయి. సంపాదకుడికి తెలిస్తే నష్టం లేదు గానీ, ఆ మెయిల్ అక్కడి నుంచి ఆర్టిస్టుకో ప్రూఫ్ రీడర్‌కో ఫార్వర్డ్ అవుతుంది.

ఫైలు సంగతి చాలామంది మర్చిపోతారు. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో ఆథర్ అని ఒక గడి ఉంటుంది, అందులో మీ కంప్యూటర్ దానంతట అదే మీ పేరు నింపేసి ఉంటుంది. పక్కన కామెంట్లు, ట్రాక్ చేంజెస్ (చేసిన మార్పులను గుర్తుపెట్టి చూపే సదుపాయం) ఉంటే వాటి మీదా మీ పేరే ఉంటుంది. పంపేముందు ఇవన్నీ తీసేయండి, ఫైలు పేరులో కూడా చూసుకోండి. గూగుల్ డాక్స్ లింక్ పంపితే మీ ఖాతా పేరు బయటపడే అవకాశం ఉంది కాబట్టి, ఫైలుగా డౌన్‌లోడ్ చేసి అటాచ్ చేయడమే మేలు.

మొదటి పేజీలో రెండు పేర్లూ ఉంటాయి

పత్రిక నియమాలు వేరేగా చెప్పకపోతే ఇదీ పద్ధతి. మొదటి పేజీలో పైన ఎడమ మూల మీ అసలు పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్. ఇది పత్రికవాళ్లు మిమ్మల్ని పట్టుకోవడానికి, అచ్చులోకి వెళ్లదు. పేజీ సగం కిందకు వచ్చాక మధ్యలో కథ పేరు, దాని కింద లైనులో కలం పేరు. అచ్చయ్యేది ఈ పేరే. రెండో పేజీ నుంచి ప్రతి పేజీ పైన చిన్నగా కలం పేరు, కథ పేరు, పేజీ నంబరు ఉంటే, ప్రింటు తీసిన కాగితాలు చెల్లాచెదురైనా మళ్లీ వరసలో పెట్టుకోవచ్చు.

పేర్లు చూడకుండా కథలు ఎంపిక చేసే పోటీలు, పత్రికలు కూడా ఉన్నాయి. అక్కడ రాతప్రతి మీద ఏ పేరూ ఉండకూడదంటే కలం పేరు కూడా ఉండకూడదని అర్థం. పేర్లు రెండూ విడిగా ఇచ్చే ఫారంలోకో కవరింగ్ లెటర్‌లోకో వెళ్తాయి. కలం పేరు ఎలాగూ అసలు పేరు కాదు కదా అని కథ కింద రాసేసి, కథ చదవకుండానే తిరస్కరించే పరిస్థితి తెచ్చుకోకండి.

కవరింగ్ లెటర్‌లో ఒక్క వాక్యం చాలు

"నేను (కలం పేరు) అనే కలం పేరుతో రాస్తుంటాను. కథను ఆ పేరుతోనే ప్రచురించగలరు, అసలు పేరు ప్రచురించవద్దని మనవి. ఉత్తరప్రత్యుత్తరాలకు, పారితోషికానికి నా అసలు పేరు, వివరాలు కింద ఇస్తున్నాను." ఇంతే. ఎందుకు పెట్టుకున్నారో వివరించవద్దు. కింద సంతకం అసలు పేరుతో పెట్టండి.

కథ సొంతమనీ, ఇంకెక్కడా అచ్చవలేదనీ, మరెవరి పరిశీలనలోనూ లేదనీ హామీపత్రం అడిగితే అదీ అసలు పేరుతోనే ఇవ్వాలి. ఆ హామీ మనిషి ఇచ్చేది, పేరు ఇచ్చేది కాదు. అదే కథ ఇంతకుముందు మీ అసలు పేరుతో ఎక్కడైనా వచ్చి ఉంటే, కొత్త పేరు పెట్టినంత మాత్రాన అది కొత్త కథ అయిపోదు, ఆ విషయం చెప్పి తీరాలి. అసలు పేరుతో కథలు అచ్చయినవాళ్లు కలం పేరు అడ్డం పెట్టుకుని కొత్త రచయితల పోటీకి పంపడం కూడా అంతే, నిజంగా మొదటి కథ పంపినవాళ్ల చోటు లాక్కున్నట్టే.

రచయిత పరిచయం అడిగితే అచ్చంగా నిజమే రాయండి. వివరాలు తగ్గించుకోవచ్చు, ఊరు, ఉద్యోగం, ఫొటో ఏవీ ఇవ్వకపోవచ్చు. కానీ లేని చదువు, అనుభవించని జీవితం కల్పించి ఇవ్వకూడదు. కల్పన కథలో ఉండాలి. కథ కింద ఉండే నాలుగు లైన్లను పాఠకులు నిజమని నమ్మి చదువుతారు.

ఒప్పందం, డబ్బు

ఒప్పందం వస్తే అందులో మీ అసలు పేరు, పక్కనే ఫలానా కలం పేరుతో రాస్తున్న అనే మాట, రెండూ ఉన్నాయో లేదో చూడండి. కథ కలం పేరుతోనే ప్రచురించాలని, మీరు ఒప్పుకోకుండా అసలు పేరు బయటపెట్టకూడదని ఒక లైను చేర్చమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, నోటిమాటగా ఇచ్చిన భరోసా ఆ ఎడిటర్ ఉద్యోగం మారితే ఎవరికీ గుర్తుండదు. బ్యాంకు ఖాతా, పన్ను కాగితాలు అసలు పేరుతోనే. కలం పేరు మీద చెక్కు రాయించుకుంటే దాన్ని మార్చుకోవడం పెద్ద తలనొప్పి.

కథ మీదేనని రుజువు దాచుకోండి

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. జార్జ్ ఎలియట్ అనే పేరు వెనక ఉన్న ఇంగ్లిష్ రచయిత్రి మేరీ ఆన్ ఎవాన్స్ మొదట్లో ఆ రహస్యాన్ని చాలా గట్టిగా కాపాడుకుంది. ఈలోపు ఆ కథలు రాసింది జోసెఫ్ లిగ్గిన్స్ అనే ఇంకెవరో అని ప్రచారం మొదలైంది, జనం నమ్మేశారు కూడా. చివరికి 1859లో ఆమె తనెవరో బయటపెట్టుకోవాల్సి వచ్చింది. అందుకే చిత్తుప్రతులు, తేదీలున్న ఫైళ్లు, పంపిన మెయిళ్లు, వచ్చిన జవాబులు భద్రంగా ఉంచండి. ఏ కథ ఏ పేరుతో ఎక్కడికి ఎప్పుడు పంపారో ఒక చోట రాసుకోండి.

కాపీరైట్ విషయంలో భయం అక్కర్లేదు. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు రచయితదే, కలం పేరు పెట్టినా సరే. తేడా వచ్చేది కాలపరిమితిలో. భారతదేశంలో రచయిత ఎవరో తెలియని కలం పేరు రచనకు ప్రచురించిన ఏడాది తర్వాతి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది, ఆ లోపు అసలు పేరు వెల్లడైతే రచయిత మరణం తర్వాత 60 ఏళ్లకు మారుతుంది. అమెరికాలో పేరు వెల్లడి కాకపోతే ప్రచురణ నుంచి 95 ఏళ్లు, లేదా రాసినప్పటి నుంచి 120 ఏళ్లు, ఏది ముందు ముగిస్తే అది.

రహస్యం ఎంతవరకు కావాలో తేల్చుకోండి

ఆఫీసులో పక్క సీటు మనిషికి తెలియకపోతే చాలు అనుకునేవాళ్లకు పైన చెప్పినవన్నీ సరిపోతాయి. ప్రపంచంలో ఎవరికీ తెలియకూడదు అంటే మాత్రం అది ఎవరి చేతిలోనూ లేదు. రిచర్డ్ బాక్‌మన్ పేరుతో నవలలు రాస్తున్నది అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగే అని 1985లో బయటపడింది, వాషింగ్టన్‌లో ఒక పుస్తకాల షాపు ఉద్యోగి శైలి చూసి అనుమానించి కాపీరైట్ రికార్డులు తిరగేస్తే, ఒక నవలకు కింగ్ పేరే కనిపించింది. 2013లో రాబర్ట్ గాల్‌బ్రైత్ పేరుతో నవల రాసింది హారీ పాటర్ రచయిత్రి జె.కె. రౌలింగే అని తెలిసిపోవడానికి కారణం, రహస్యం తెలిసిన ఒక లాయరు తన భార్య స్నేహితురాలి దగ్గర నోరు జారడం. నవల వచ్చి అప్పటికి కొన్ని నెలలే అయింది. కాబట్టి కాగితాల్లో ఒక పని, మనుషుల్లో ఒక పని. ఏ రికార్డులు బయటివాళ్లు చూడగలరో కనుక్కోండి, తెలిసినవాళ్ల సంఖ్యను వీలైనంత తక్కువలో ఉంచండి. మీ ప్రాణానికో ఉద్యోగానికో ముప్పు తెచ్చే విషయం మీద రాస్తుంటే, పంపకముందే ఒక లాయరుతో మాట్లాడండి, కలం పేరు ఒక్కటే మిమ్మల్ని కాపాడదు.

కథ ఎంపికైందని కబురు వచ్చాక ఇంకో పని మిగులుతుంది. ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసుకునే ప్రతి) పంపుతారేమో అడగండి, పంపితే కథ కంటే ముందు పేరున్న చోట్లన్నీ చూడండి: శీర్షిక కింద, విషయసూచికలో, రచయిత పరిచయంలో, వెబ్‌సైట్‌లో పెట్టే పోస్టులో. విషయసూచిక తయారుచేసేవాళ్లు అకౌంట్స్ జాబితాలోంచి అసలు పేరు తెచ్చి పెట్టేయడం పొరపాటున జరిగిపోవచ్చు. ప్రూఫ్ పంపే అలవాటు లేని పత్రికైతే, ఆమోదానికి థాంక్స్ చెబుతూ రాసే జవాబులోనే అచ్చు కావాల్సిన పేరును స్పెల్లింగుతో సహా మరోసారి రాసి పంపండి.